రక్షణ పొందినవాళ్లు దాన్ని పోగొట్టుకుంటారా?

ఒకసారి రక్షణ, అంటే క్రీస్తును నమ్మి పాపాల నుంచి విడుదల, పొందాక మళ్లీ పాపంలో పడితే అది పోతుందా అని అడిగారు. గుంటూరులో ఏ మందిరంలో అడిగారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

1842లో హేయర్ మిషనరీ వచ్చినప్పటి నుంచి ఇక్కడున్న లూథరన్ల బోధలో, నిజంగా నమ్మినవాడు కూడా విశ్వాసం వదిలేస్తే పడిపోవచ్చు, తిరిగి రావచ్చు కూడా. పెంతెకొస్తువాళ్లలో చాలామంది పోతుందనే అంటారు. చావైన పాపంతో, అంటే తెలిసి చేసిన ఘోరపాపంతో, పోయే దేవుని కృప పాపసంకీర్తనంతో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంతో, మళ్లీ దొరుకుతుందని కథోలికుల మాట. బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాత్రం పోదంటారు.

పోదనేవాళ్లకు ఆధారం యోహాను 10:28. తన గొర్రెలను తన చేతిలోంచి ఎవరూ లాక్కోలేరన్నాడు యేసు. పోతుందనేవాళ్లు హెబ్రీ 6:4-6 చూపిస్తారు: పరిశుద్ధాత్మలో పాలుపొంది తప్పిపోయినవాళ్లను మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమని అక్కడుంది. అలా తప్పిపోయినవాళ్లు అసలు మారనేలేదని పోదనేవాళ్లు సర్దిచెప్పడం నాకు సరిపోదు. ఆ మాటలు అంత తేలికైనవి కావు.

అయితే అవి ఎవరికి రాశారో చూడండి. హింసకు, అవమానానికి తట్టుకోలేక క్రీస్తునే వదిలేద్దామా అనుకుంటున్నవాళ్లకు. పాపంలో పడి, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) ఉన్న ఆదివారం రొట్టె పళ్లెం తనదాకా వస్తే ముట్టుకోకుండా పక్కవాళ్లకిచ్చేసి ఏడ్చే తమ్ముడికి కాదు. పేతురు యేసును మూడుసార్లు ఎరగనన్నాడు, ఆ పేతురునే యేసు మళ్లీ పిలిచి గొర్రెలను అప్పగించాడు. తప్పు ఒప్పుకొని తిరిగొచ్చేవాణ్ణి ఈ సంఘాల్లో ఏదీ తోసేయదు. ఆ భయంతో ఉంటే హెబ్రీ 6ను ఆరో వచనం దగ్గర ఆపకండి, తొమ్మిదో వచనం కూడా చదవండి. మీ విషయంలో ఇంతకంటే మంచివే ఉన్నాయని నమ్ముతున్నామంటాడు ఆ లేఖ రాసినాయన.