మొదట విన్నదే గొప్పగా అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే

మీరు అడిగింది ఇది: ఒకే పాటకి ఒరిజినల్, లైవ్, కవర్, రీమిక్స్ అంటూ నాలుగైదు దొరుకుతున్నాయి, విన్నాక ఒకటి నచ్చుతుంది, ఎందుకు నచ్చిందంటే చెప్పలేకపోతున్నాను, ఇది నేర్చుకుంటే వచ్చేదా, సంగీతం తెలిసినవాళ్లకే పరిమితమా?

నాకు సంగీతం రాదు. మా అక్కకి వచ్చు. తను గాత్రం నేర్చుకునే రోజుల్లో పక్కగదిలో హోంవర్క్ చేస్తూ విన్నవాణ్ణి, అంతే. అయినా నేర్చుకోవచ్చనే చెప్తాను. కాకపోతే నా పాఠం పరువు పోవడంతో మొదలైంది.

ఒక సినిమా పాట ఉంది. పేరు చెప్పను, చెబితే అసలు సంగతి పక్కకి పోయి అభిమానుల గొడవ మొదలవుతుంది. దాని స్టూడియో రికార్డింగు కంటే అదే గాయకుడు చాలా ఏళ్ల తర్వాత వేదిక మీద పాడింది వంద రెట్లు మేలని కనిపించినవాళ్లందరితో వాదించేవాణ్ణి. స్టూడియోది 'ప్రాణం లేని పాట' అనేవాణ్ణి. అక్క ఒకరోజు విసిగిపోయి, "ఒరేయ్, అటు తిరిగి కూర్చో. ఆ లైవ్‌వే రెండు రికార్డింగులు వినిపిస్తా, ఏది బాగుందో చెప్పు" అంది. పల్లవి మాత్రం రెండుసార్లు వినిపించింది. నేను కళ్లు మూసుకుని, తల ఊపుతూ, పెద్ద విద్వాంసుడిలా తీర్పు చెప్పాను: "రెండోదే. గొంతులో తడి ఉంది. మొదటిదాంట్లో ఏదో తొందర."

రెండూ ఒకటే ఫైలు. రెండోసారి వాల్యూమ్ ఒక మెట్టు పెంచింది, అంతే.

ఆ తర్వాత కొన్నాళ్లు ఇంట్లో నేను ఏ పాట గురించి నోరు తెరిచినా "తడి ఉందా?" అని అడిగేవాళ్లు. కానీ ఆ రోజు అర్థమైంది, చెవి ఎంత సులువుగా లంచం తీసుకుంటుందో. ఒకట్రెండు డెసిబెల్స్ (శబ్దం మోతాదుకి కొలత) తేడా ఉంటే మనకి 'ఇది గట్టిగా ఉంది' అని తట్టదు, 'ఇది బాగుంది' అని తడుతుంది. కారణం ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి మరీ కిందిస్థాయి, మరీ పైస్థాయి స్వరాలు మధ్యస్థాయి వాటికంటే ఎక్కువగా తగ్గిపోయినట్టు వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి పెట్టారు. అందుకే కాస్త పెంచగానే మృదంగం నిండుగా, చేతితాళాలు మెరుస్తూ, పాట మొత్తానికి ప్రాణం వచ్చినట్టు ఉంటుంది. కాబట్టి పోల్చేముందు రెండూ ఒకే మోతాదులో వినపడేలా సర్దుకోండి. స్పాటిఫై లాంటి యాప్‌లలో పాటలన్నిటినీ ఇంచుమించు ఒకే మోతాదుకి తెచ్చే వాల్యూమ్ నార్మలైజేషన్ అనే సెట్టింగు ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఒకటి యూట్యూబ్‌లో, ఇంకొకటి వాట్సాప్‌లో వచ్చిన క్లిప్పులో విని తీర్పు చెప్పడం మాత్రం వద్దు.

రెండో లంచం ఇంకా పాతది: మొదట విన్న వెర్షన్. మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉండేది. ఆ పాటలు నాకు దాంట్లోంచే నోటికి వచ్చాయి. తర్వాత అవే పాటలు సీడీలో వింటే నీరసంగా, సాగదీసినట్టు అనిపించాయి. కొత్త కాపీ చేసేటప్పుడు ఎవరో చెడగొట్టారని చాలాకాలం నమ్మాను. అక్క శ్రుతిపెట్టె పెట్టి చూసేసరికి తేలింది, మా టేప్‌రికార్డర్ మోటారు వేగంగా తిరిగేదని. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. అది 6 శాతం ఎక్కువ నడిస్తే శ్రుతి ఒక అరస్వరం పైకి పోతుంది, పాట కూడా అంత వేగం అందుకుంటుంది. మాది అంతకంటే కొంచెం తక్కువే. కానీ గాయకుడి గొంతు నిజానికంటే లేతగా, పాట హుషారుగా వినపడటానికి అది చాలు. నేనేమో మోటారు లోపాన్ని గాయకుడి గొప్పతనం ఖాతాలో వేశాను. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఇలాంటివి కనిపిస్తాయి. కాపీరైట్ పట్టుబడకుండా కొందరు శ్రుతిని కావాలనే కాస్త పైకో కిందికో జరిపి పెడతారు. ఏ పాటైనా తెలిసిన శ్రుతిలో లేనట్టుంటే ముందు గాయకుణ్ణి కాదు, కాపీని అనుమానించండి.

పాత రికార్డుల దగ్గర మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. పది అంగుళాల 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోన్ రికార్డులో ఒక పక్కకి పట్టేది సుమారు మూడు నిమిషాలు. 1925 ప్రాంతంలో మైక్రోఫోన్ రికార్డింగు వచ్చేదాకా గాయకులు ఒక పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడేవాళ్లు. అలాంటి రికార్డు విని "సంగతులు (ఒకే వాక్యాన్ని మార్చిమార్చి పాడే తీర్లు) తక్కువ, గొంతులో హెచ్చుతగ్గులు లేవు" అనడం అన్యాయం. ఆ మూడు నిమిషాల్లో ఏది ఉంచారు, ఏది వదిలేశారు అన్నదే అక్కడ చూడాల్సింది.

ఇవన్నీ అడ్డు తొలగించుకోవడమే. అసలు వినడం ఇంకా మొదలు కాలేదు.

నాకు అలవాటు చేసింది అక్కే. 'బాగుంది', 'ఫీల్ ఉంది', 'మనసుకి హత్తుకుంది' అనే మూడు మాటలూ వాడకూడదని షరతు పెట్టింది. పాట మొత్తం వినకూడదు, ఒక్క వాక్యమే. అదే వాక్యం ఒక్కో వెర్షన్‌లో పదిసార్లు విని, గాయకుడు ఏం చేశాడో మాత్రం చెప్పాలి. ఎక్కడ ఊపిరి పీల్చాడు, ఏ మాట మీద ఆగాడు, ఏ అక్షరం మింగేశాడు, వాద్యం ఎప్పుడు తప్పుకుంది. మొదట్లో నాకు రెండు ముక్కలు కూడా దొరికేవి కావు.

పని జరిగింది త్యాగరాజ కీర్తన 'నగుమోము' దగ్గర. అందరికీ తెలిసిందే, వెర్షన్లకి లోటు లేదు. చరణంలో "ఖగరాజు నీ ఆనతి విని వేగ చనలేదో, గగనానికిలకు బహు దూరంబనినాడో" అని ఉంటుంది. నీ ఆజ్ఞ విని గరుడుడు వెంటనే బయల్దేరలేదా, లేక ఆకాశం నుంచి భూమికి చాలా దూరం అన్నాడా, అని రాముణ్ణి అడగడం. అక్క ఆ వాక్యాన్ని నాకు రెండు రకాలుగా పాడి చూపించింది. మొదటిసారి గొంతు తగ్గించి, 'దూరం' అన్న మాటని సాగదీసి, దీనంగా. రెండోసారి ఏమంత సాగదీయకుండా, 'అనినాడో' దగ్గర చిన్న విరుపుతో. అదే స్వరాలు, అదే తాళం. మొదటిది వేడుకోలు. రెండోది ఎత్తిపొడుపు: గరుడుడికి దూరమట, పాపం! ఆ మాటల్లో ఇంత నిష్ఠూరం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. అన్నేళ్లుగా భక్తిగా తల ఊపుతూ విన్నాను.

ఆ తర్వాత నాకు దొరికిన నాలుగైదు వెర్షన్లలో ఆ ఒక్క వాక్యమే వరసగా విన్నాను. కొందరు దాన్ని వేగంగా దాటేస్తారు, ఎందుకంటే వాళ్ల దృష్టి ఆ తర్వాత వచ్చే స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం) మీద ఉంది. కొందరికి అది ఏడుపు. ఒకరిద్దరి దగ్గరే ఆ ఎత్తిపొడుపులోని చనువు వినపడింది. ఎవరూ తప్పు పాడలేదు. కానీ నాకు ఏది ఎందుకు నచ్చిందో మొదటిసారి వేలుపెట్టి చూపించగలిగాను: 'అనినాడో' దగ్గర.

ఇదే కీర్తనలో ఇంకో మెలిక ఉంది. దీని రాగం ఆభేరి. ఇప్పుడు కచేరీల్లో ఆభేరి అంటే చతుశ్రుతి ధైవతంతోనే ('ద' స్వరంలో పై రకం) ఎక్కువగా వింటాం, పాత పద్ధతిలో అది శుద్ధ ధైవతం (దానికంటే కింది రకం). ఆ పాత పద్ధతిలో పాడింది మొదటిసారి విన్నప్పుడు 'అపస్వరం' అనేశాను. మళ్లీ క్యాసెట్ కథే. అలవాటు లేని స్వరం తప్పు స్వరంలా వినపడుతుంది. ఏ వెర్షన్‌నైనా దాని నియమాలతో కొలవాలంటే ముందు అవేమిటో కాస్త అడిగి తెలుసుకోక తప్పదు.

మీరు కవర్ల గురించి కూడా అడిగారు. కవర్ విన్నప్పుడు ఒరిజినల్‌కి ఎంత దగ్గరగా ఉందని నేను చూడను. అలా చూస్తే బాగా అనుకరించిన ప్రతివాడూ గెలుస్తాడు. పాటలో మాట్లాడే మనిషి మారాడా అని చూస్తాను. అమెరికన్ గాయకుడు ఓటిస్ రెడింగ్ 1965లో 'రెస్పెక్ట్' (మర్యాద) అనే పాట పాడినప్పుడు అది ఇంటికొచ్చే మగవాడు మర్యాద అడగడం. 1967లో గాయని అరీతా ఫ్రాంక్లిన్ పాడేసరికి అడిగేది ఆడమనిషి. ఆ మాటని ఒక్కో అక్షరంగా విడదీసి పలకడం మొదటి పాటలో లేనే లేదు, ఆవిడ చేర్చిందే. పాట పేరు చెప్పగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది అదే. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, నేను చెప్పేది ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

శ్రుతిశుద్ధికి మాత్రం ఈ మధ్య పెద్ద మార్కులు వేయడం మానేశాను. పాడినదాన్ని శ్రుతిలోకి సర్దే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది. ఇప్పుడు ఫోన్‌లో పాడిన కవర్ కూడా గీత గీసినట్టు శ్రుతిలో ఉంటుంది. అందరికీ ఉన్నదాన్ని బట్టి ఎవరు మేలో ఎలా చెప్తాం? పైగా గమకాన్ని (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పాడటం) కూడా అది 'సరిచేసి' మెట్లు మెట్లుగా నరికేసినప్పుడు వినడానికి నాకు ఒంటికి పడదు.

మొదట చెప్పిన ఆ సినిమా పాట సంగతి. వాల్యూములు సర్ది, వాక్యం వాక్యంగా మళ్లీ విన్నాను. లైవ్‌లో నేను అంతగా మురిసిపోయింది పల్లవి చివరి మాటని గాయకుడు పట్టుకుని నిలబెట్టిన చోట. జాగ్రత్తగా వింటే అక్కడ నిలబడింది ఆయన గొంతు కాదు, జనం ఈలలు. గొంతు వాటి కింద ఎప్పుడో ఆగిపోయింది. స్టూడియోలో అదే మాటని చటుక్కున వదిలేస్తారు, ఆ ఖాళీలోకి వేణువు వస్తుంది. నేను ప్రాణం లేదన్నది ఆ ఖాళీనే. చరణాల్లో మాత్రం ఇప్పటికీ లైవే మేలంటాను, అక్కడ ఆయన రెండోసారి మాట విరుపు మార్చాడు, స్టూడియోలో రెండుసార్లూ ఒక్కలాగే ఉంటుంది. అక్కకి ఈ మాట చెబితే ఈసారి తడి ప్రస్తావన తేలేదు. "ఏదీ, ఆ చరణం పెట్టు" అంది.