పద్మినిలో కాళేశ్వరం పోయే అల్లుడికి

అల్లుడా,

బాపు పాత పద్మిని కారును నువ్వు మళ్లీ రోడ్డెక్కించావని చెల్లె ఫోన్‌లో చెప్పింది. కడుపు నిండినట్టయింది. కానీ మే నెలలో, పిల్లలతో కాళేశ్వరం అనేసరికి రాత్రంతా నిద్ర పట్టలేదు.

టైర్లు, బ్యాటరీ, రేడియేటర్ నీళ్లు ఎట్లాగూ చూసుకుంటావు. నా టెన్షన్ పెట్రోల్ గురించి.

ఇప్పుడు బంకుల్లో పోసేది నూటికి ఇరవై వంతుల దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. వేడికి తొందరగా ఆవిరవుతుంది. కొత్త కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో ముందుకు తోస్తుంది, వాటికి ఫికర్ లేదు. పద్మిని పంపు ఇంజన్‌కే అంటుకుని ఉంటుంది, వెనక ట్యాంకు నుంచి పీల్చుకోవాలి. పీల్చే పైపులో ఒత్తిడి తగ్గి పెట్రోల్ ఇంకా తొందరగా మరుగుతుంది. పంపుకు ఆవిరే అందుతుంది, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కిచ్చే కార్బురేటర్ ఎండిపోతుంది. బండి నడుస్తుంటే గాలి తగులుతుంది. ఆపి చాయ్ తాగే పది నిమిషాల్లోనే అసలు బెడద.

1993 మేలో నాకు అదే అయింది. పరకాలలో చాయ్ తాగి బయలుదేరాం, రెండు కిలోమీటర్లకే బండి దగ్గి ఆగింది. పైపులో చెత్త పట్టిందనుకుని, ఇంజన్ ఇంకా వేడిగా ఉండగానే పైపు క్లిప్పు వదులు చేశాను. లోపలి ఆవిరి తోపుకు పెట్రోల్ చిమ్మి ఎగ్జాస్ట్ మీద పడింది. భగ్గుమంది. వెనక సీట్లో మూడేళ్ల పాప నిద్రలో ఉంది. డోర్ హ్యాండిల్ నా చేతికి దొరకలేదు. మీ అత్తమ్మే పాపను లాగి గట్టు మీద పడుకోబెట్టి, దోసిళ్లతో మట్టి ఎత్తి పోసింది. నా మణికట్టు మీద తెల్ల మచ్చను చిన్నప్పుడు నువ్వు వేలితో రాస్తూ అడిగేవాడివి కదా, వేడి నూనె చిందిందని చెప్పాను. నీకు అబద్ధం చెప్పాను బిడ్డా.

అందుకే చెబుతున్నా, బండి ఆగితే ఏ పైపూ విప్పకు. ముందు పిల్లలను దింపి నీడన కూర్చోబెట్టు. బానెట్ ఎత్తి అరగంట ఆగు. పంపు మీద తడి గుడ్డ చుట్టు, ఆరగానే మళ్లీ తడుపు. వేడెక్కిన ఇంజన్ మీద మాత్రం నీళ్లు కుమ్మరించకు, పగులుతుంది.

పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి చీలుతాయి. దాన్ని తట్టుకునేవి వేయించు, పైపు ఎగ్జాస్ట్‌కు దూరంగా పోవాలి. కార్బురేటర్ కింద వేడి ఆపే మందపాటి ప్యాకింగ్ ఉందో లేదో మెకానిక్‌ను పక్కన నిలబెట్టి నీ కళ్లతో చూడు. వాడు ఉందంటే సరిపోదు. మంట ఆర్పే చిన్న సిలిండర్ సీటు కిందే ఉండాలి, డిక్కీలో కాదు.

తెల్లారి ఐదింటికే కదలండి, ఎండ ముదరకముందే భూపాలపల్లి దాటాలి. హన్మకొండలో మన గేటు ముందు ఒక్క నిమిషం ఆపు. మీ అత్తమ్మ నాలుగు పాత తువ్వాళ్లు ఉతికి మడతపెట్టింది, తడిపి చేతికిస్తాను.

మీ మామ