జలుబు మాత్ర వేసుకున్నా... డోప్ టెస్టులో దొరుకుతానా?

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. 800 మీటర్ల పరుగులో పోటీపడతాను. ముక్కు దిబ్బడకి మూడు రోజులుగా సూడోఎఫెడ్రిన్ ఉన్న మాత్ర వాడుతున్నాను. ఎల్లుండి పోటీ. డోప్ టెస్టు ఉంటుందంటున్నారు. నీళ్లు బాగా తాగితే మందు పోతుందా? టెస్టోస్టిరాన్ ఒంట్లో ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇంజెక్షన్ తీసుకున్నా ల్యాబ్‌కి తెలియదని ఒక స్నేహితుడు అన్నాడు. నిజమేనా?

జవాబు: ముందు ఆ మాత్ర ఈ రోజే ఆపేయండి. సూడోఎఫెడ్రిన్‌పై నిషేధం పోటీ సమయానికే. అదీ మూత్రంలో మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితేనే తప్పు. అయితే పోటీ సమయం ముందు రోజు రాత్రి 11.59కే మొదలవుతుంది. పోటీకి కనీసం 24 గంటల ముందు ఆపాలని వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) సూచన. మీది రోజంతా పనిచేసే రకం మాత్రయితే ఈ గడువు చాలకపోవచ్చు, అందుకే రేపటిదాకా ఆగొద్దు.

నీళ్లతో పని జరగదు. మూత్రం మరీ పలచగా ఉంటే అక్కడికక్కడే సాంద్రత చూసి మళ్లీ ఇవ్వమంటారు. ఇంకో మాట. 800 మీటర్ల వాళ్లలో కొందరు పరుగుకి ముందు సోడియం బైకార్బొనేట్ తాగుతారు. అది నిషిద్ధం కాదు. కానీ మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది, దాంతో సూడోఎఫెడ్రిన్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. ఈసారికి మానుకోండి.

ఇక ల్యాబ్ సంగతి. టెస్టోస్టిరాన్ లాంటి స్టెరాయిడ్లను కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లంతో జతకట్టి మూత్రంలోకి పంపుతుంది. ల్యాబ్‌లో ఎంజైమ్ కలిపి ఆ జతను విడదీస్తారు. తర్వాత క్రొమటోగ్రఫీ గొట్టంలో పదార్థాలు వేర్వేరు సమయాల్లో బయటికొస్తాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ వాటిని ముక్కలు చేసి ఒక్కో ముక్క బరువు తూస్తుంది. బయటికొచ్చిన సమయం, ముక్కల బరువులు రెండూ సరిపోలితేనే ఫలానా మందని తేలుస్తారు. మిల్లీలీటరులో ఒకట్రెండు నానోగ్రాములున్నా దొరికిపోతుంది.

మీ స్నేహితుడి వాదన వినడానికి బాగుంది, అంతే. టెస్టోస్టిరాన్‌తో పాటు శరీరం ఎపిటెస్టోస్టిరాన్‌నీ తయారుచేస్తుంది. చాలామందిలో ఈ రెండూ మూత్రంలో ఇంచుమించు సమానం. నిష్పత్తి 4 దాటితే అనుమానం మొదలవుతుంది. జన్యువుల తేడా వల్ల ఇంజెక్షన్ తీసుకున్నా కొందరిలో అది పెరగదు. అందుకే 2014 నుంచి ఎవరి పాత ఫలితాలతో వాళ్లనే పోల్చే స్టెరాయిడ్ పాస్‌పోర్ట్ ఉంది. అక్కడ తేడా కనబడితే కార్బన్ పరీక్ష. నాకు అన్నిటికన్నా ముచ్చటేసే పరీక్ష ఇదే. మందుల కంపెనీలు టెస్టోస్టిరాన్‌ను ఎక్కువగా సోయా వంటి మొక్కల స్టెరాల్స్ నుంచి తయారుచేస్తాయి. అందులో కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన రకం) ఒంట్లో తయారయ్యేదానికన్నా ఒక పిసరు తక్కువ. ఇంజెక్షన్ ప్రభావం పడని మరో సహజ స్టెరాయిడ్‌ను అదే మూత్రంలోంచి తీసి దీంతో పోల్చితే తేడా బయటపడుతుంది.

ఈపీవో (ఎర్ర రక్తకణాలను పెంచే హార్మోన్) లాంటి పెద్ద ప్రొటీన్లకు దారి వేరు. వాటిని జెల్‌పై విడదీసి యాంటీబాడీలతో పట్టుకుంటారు.

మందు ఎందుకు వేసుకున్నారో మాత్రం ఏ యంత్రమూ చెప్పలేదు. నమూనా ఇచ్చేటప్పుడు ఫారంలో గత వారం వాడిన మందులన్నీ, ఈ జలుబు మాత్రతో సహా, మోతాదుతో రాయండి. నమూనాను ఏ, బీ సీసాల్లో మీ ముందే సీలు వేస్తారు. సీసాలపై ఉన్న నంబరూ ఫారంలోని నంబరూ ఒకటేనో కాదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.