రాక్సాన్ పాటలు ఏ వరుసలో వినాలి, ఎక్కడ తికమక పడతారు

1980ల్లో ఒక పాటకు జవాబుగా రాక్సాన్ పేరుతో వందకు పైగా ర్యాప్ పాటలు వచ్చాయట కదా, అవి నిజంగా గొడవలేనా, వ్యాపారమా, ఏది ముందు వినాలి అని అడిగారు. వరుస చెప్తాను. దానికన్నా ముందు ఒక విషయం తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. 1984లో ఈ జవాబు పాటలు పుట్టుకురావడానికి కోపం కన్నా 12 అంగుళాల సింగిల్ రికార్డే పెద్ద కారణం. డీజేలకు పనికొస్తుందని కంపెనీలు ఆ రికార్డుల మీద పాటతో పాటు గొంతు లేని వట్టి బీట్‌ కూడా వేసి అమ్మేవి. అంటే మీరు ఎవరిని ఏకాలనుకుంటున్నారో వాళ్ల బీటే షాపులో దొరుకుతుంది. ఒక టర్న్‌టేబుల్, ఒక మైకు, ఒక టేప్ మెషీన్ ఉంటే మధ్యాహ్నానికల్లా జవాబు తయారు.

అంతకుముందు పోటీలుండేవి కాదని కాదు. అవి స్టేజీ మీద జరిగేవి. 1981 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని హార్లెమ్ వరల్డ్ క్లబ్బులో ర్యాపర్ బిజీ బీని ఇంకో ర్యాపర్ కూల్ మో డీ పేరుపెట్టి మరీ ఏకిపారేసిన పోటీ అందులో పేరుమోసింది. అప్పటిదాకా జనాన్ని అరిపించి చప్పట్లు కొట్టించేవాడిదే గెలుపు. మో డీ వచ్చి ఎదుటివాడి పాటల్లో పస ఎంతో లెక్క తీశాడు. కానీ అది క్యాసెట్‌ల మీద కాపీ మీద కాపీగా చేతులు మారింది తప్ప రేడియో పాట కాలేదు. జవాబు పాట అనేది రికార్డు, రేడియో రెండూ కలిస్తేనే పనిచేసే సరుకు.

ఇక వరుస. మొదట బ్రూక్లిన్ బృందం యూటీఎఫ్‌ఓ వాళ్ల 'రాక్సాన్, రాక్సాన్' వినండి. 1984, సెలెక్ట్ రికార్డ్స్, నిర్మాణం ఫుల్ ఫోర్స్ అనే బృందం. 'హ్యాంగింగ్ అవుట్' అనే పాటకు ఇది బీ-సైడ్ (రికార్డు వెనకవైపు పాట) మాత్రమే. కొత్తగా వచ్చిన రాక్సాన్ అనే అమ్మాయి వెంట ముగ్గురు ర్యాపర్లు వంతులవారీగా పడతారు, ఆమె ఎవరినీ పట్టించుకోదు. ఇందులో రెండు గమనించండి. ఒకటి, అమ్మాయి గొంతు పాటలో ఎక్కడా లేదు. ఎవరో వచ్చి నింపడానికి ఖాళీ అక్కడే ఉంది. రెండు, కాంగోల్ కిడ్, ఎడ్యుకేటెడ్ ర్యాపర్, డాక్టర్ ఐస్ తమ పేర్లు తామే చెప్పుకుంటారు. జవాబిచ్చేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

వెంటనే రాక్సాన్ షాంటే పాడిన 'రాక్సాన్స్ రివెంజ్' పెట్టండి. యూటీఎఫ్‌ఓ ఒక షోకు వస్తామని చెప్పి రాలేదు. ఆ షో వెనక ఉన్నవాళ్లు రేడియో డీజే మిస్టర్ మ్యాజిక్, నిర్మాత మార్లీ మార్ల్, మేనేజర్ టైరోన్ విలియమ్స్. క్వీన్స్‌బ్రిడ్జ్ ఇళ్ల సముదాయంలో ఉండే 14 ఏళ్ల లొలీటా షాంటే గూడెన్ (షాంటే అసలు పేరు ఇదే) ఆ సంగతి విని, నేను జవాబు చెప్తానంది. మార్లీ ఇంట్లోనే, యూటీఎఫ్‌ఓ బీట్ మీదే, రాసుకోకుండా ఒక్క టేక్‌లో పాడేసింది. మిస్టర్ మ్యాజిక్ రేడియోలో వేశాడు, ఫిలడెల్ఫియాకు చెందిన పాప్ ఆర్ట్ కంపెనీ రికార్డు తెచ్చింది. ముగ్గురినీ ఒక్కొక్కరిగా పేరుపెట్టి పిలిచి మరీ గాలి తీస్తుంది. మూల పాట ఏ అమరికలో ఉందో జవాబు కూడా అదే అమరికలో ఉందన్నమాట. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది వదిలేసింది దీన్నే. రాక్సాన్ అనే పేరు తీసుకున్నారు గానీ మూల పాటలో ఏ మాటకు జవాబిస్తున్నారో వాళ్లకే స్పష్టత లేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. 'రాక్సాన్స్ రివెంజ్' రెండు రకాలుగా ఉంది. యూటీఎఫ్‌ఓ రికార్డింగ్‌నే వాడుకున్నారని అభ్యంతరం రావడంతో 1985 మొదట్లో కొత్త బీట్ వేసి, బూతులు తగ్గించి మళ్లీ విడుదల చేశారు. మీరు విన్నది ఏదో తేల్చుకోవడానికి సులువైన పద్ధతి: 'రాక్సాన్, రాక్సాన్' మొదటి అర నిమిషం విని, ఆ వెంటనే షాంటే పాట వేయండి. డ్రమ్స్ రెండింటిలో ఒకటే అయితే మొదటిది. డ్రమ్స్ వేరైతే రెండోది, దాంతో పోల్చి చూస్తే సగం సరదా పోతుంది. అసలు తమాషా ఏంటంటే, యూటీఎఫ్‌ఓ బీట్‌లోని ఆ డ్రమ్స్ కూడా వాళ్ల సొంతం కాదు, బిల్లీ స్క్వైర్ 1980లో చేసిన 'ద బిగ్ బీట్'లోవి.

కాపీరైట్ వట్టి పేరుకు ఉండదు, రికార్డింగ్‌కు, బాణీకి ఉంటుంది. అందుకే మిగతావాళ్లు రాక్సాన్ పేరు నిర్భయంగా వాడుకుని, డ్రమ్ మెషీన్ మీద కొత్త బీట్ కట్టుకున్నారు. ఇప్పుడు తెలుగులో రిప్లై ర్యాప్ చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకూ తగిలే దెబ్బ ఇదే. ఎదుటివాళ్ల ఇన్‌స్ట్రుమెంటల్ మీద పాడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి పడుతుంది. జవాబు పాటలకు ఇది కొత్త సమస్యేమీ కాదు. 1953లో 'హౌండ్ డాగ్'కు రూఫస్ థామస్ 'బేర్ క్యాట్' అని జవాబు పాడితే, అక్కడ బాణీ అచ్చంగా అదే కావడంతో థామస్ రికార్డు కంపెనీ సన్ రికార్డ్స్ కేసు ఓడిపోయింది.

మూడోది 'ద రియల్ రాక్సాన్'. షాంటే పాట అమ్ముడుపోవడం చూసి యూటీఎఫ్‌ఓ, ఫుల్ ఫోర్స్ తమ తరఫున ఒక రాక్సాన్‌ను దింపారు. మొదట ఎలీస్ జాక్, ఆ తర్వాత అడెలైడా మార్టినెజ్ ఆ పేరుతో వచ్చారు. కాబట్టి రాక్సాన్ షాంటే వేరు, ద రియల్ రాక్సాన్ వేరు. వెతికేటప్పుడు రెండు పేర్లూ కలిసిపోతుంటాయి, పాట పక్కనున్న ఫొటోను నమ్మకండి, రికార్డు కంపెనీ పేరు చూడండి. పాప్ ఆర్ట్ అయితే షాంటే, సెలెక్ట్ అయితే రియల్.

నాలుగోది బ్రూక్లిన్ అమ్మాయి స్పార్కీ డీ పాడిన 'స్పార్కీస్ టర్న్', 1985. నా లెక్కలో షాంటేకు సరితూగిన జవాబు ఇదొక్కటే. మాటకు మాట పడుతుంది, గొంతులో బెదురు లేదు. ఆ తర్వాత ఇద్దర్నీ ఒకే ఆల్బమ్ మీదకు ఎక్కించి 'రౌండ్ 1' అని బాక్సింగ్ పోటీలాగా అమ్మారు. మీ 'గొడవా, వ్యాపారమా' ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. మొదటి దెబ్బ నిజమైన చికాకుతో పడింది, మూడో రికార్డు నుంచి అది బేరం.

మిగిలినవి త్వరగా దాటేయొచ్చు. రాక్సాన్ తల్లిదండ్రులు, రాక్సాన్ అన్న, రాక్సాన్ డాక్టర్, రాక్సాన్ అసలు మగవాడేనని ఒకటి, చివరకు ఇక రాక్సాన్ వద్దు బాబోయ్ అని ఒకటి. ముప్పై అనేవాళ్లున్నారు, వంద దాటాయనేవాళ్లున్నారు. ఊరూరా వచ్చిన చిన్న రికార్డులను కలుపుతారా లేదా అన్నదాన్ని బట్టి సంఖ్య మారుతుంది. ఆ లెక్కలో తలదూర్చడం దండగ.

ఇదే కాలపు ఇంకో పోరు బ్రిడ్జ్ వార్స్, అంటే క్వీన్స్‌బ్రిడ్జ్, సౌత్ బ్రాంక్స్ ర్యాపర్ల మధ్య గొడవ. అది వినాలంటే పద్ధతి మార్చాలి. దాని వరుస: ఎంసీ షాన్ 'ద బ్రిడ్జ్', బూగీ డౌన్ ప్రొడక్షన్స్ 'సౌత్ బ్రాంక్స్' (1986), షాన్ 'కిల్ దట్ నాయిస్' (1987), మళ్లీ బూగీ డౌన్ 'ద బ్రిడ్జ్ ఈజ్ ఓవర్' (1987). షాన్ చెప్పింది క్వీన్స్‌బ్రిడ్జ్‌లో ర్యాప్ ఎలా మొదలైందో. హిప్-హాపే అక్కడ పుట్టిందన్నాడని బూగీ డౌన్ ర్యాపర్ కేఆర్ఎస్-వన్ తీసుకున్నాడు. 'ద బ్రిడ్జ్' ఒకసారి శ్రద్ధగా వింటే షాన్ ఆ మాట అనలేదని తెలుస్తుంది. ఇంకో కారణం, అంతకుముందే కేఆర్ఎస్ బృందం పాటను మిస్టర్ మ్యాజిక్ తీసిపారేశాడు. అందుకే ఇది రేడియో స్టేషన్ల యుద్ధం కూడా. ఒకవైపు డబ్ల్యూబీఎల్‌ఎస్‌లో మ్యాజిక్, అటువైపు 98.7 కిస్ ఎఫ్ఎంలో బూగీ డౌన్ పాటలు వేసే రెడ్ అలర్ట్.

ఇక్కడ బీట్ తీసుకోవడం ఆయుధం కాదు, కొత్త బీట్ ఆయుధం. 'ద బ్రిడ్జ్'లో మార్లీ 'ఇంపీచ్ ద ప్రెసిడెంట్' రికార్డు నుంచి డ్రమ్ దెబ్బలను విడివిడిగా శాంపిల్ చేసి తనకు కావాల్సిన చోట పెట్టాడు. ఆ రోజుల్లో అది పెద్ద ముందడుగు. దానికి 'ద బ్రిడ్జ్ ఈజ్ ఓవర్' ఇచ్చిన జవాబు ఎంత బోడిగా ఉందో వినండి: డ్రమ్స్, జమైకా గాయకుడు సూపర్ క్యాట్ 'బూప్స్' నుంచి తెచ్చిన పియానో ముక్క, జమైకా యాసలో గొంతు, అంతే. షాన్ పాట నిండుగా ఉంది, ఇది ఎముకల గూడులా ఉంది, అయినా క్లబ్బులో గెలిచింది ఇదే. పల్లవిని జనం ఒక్కసారి వినగానే అరవగలగడమే కారణమని నా అభిప్రాయం. 'కిల్ దట్ నాయిస్'లో వాదన బాగుంది, కానీ వాదనను గుంపుగా అరవలేం కదా.

వినేటప్పుడు ఇంకో చిక్కు. స్ట్రీమింగ్ యాప్‌లు చాలాసార్లు సంకలనం వచ్చిన సంవత్సరాన్ని చూపిస్తాయి, మూల రికార్డు సంవత్సరాన్ని కాదు. తేదీల వారీగా పేర్చుకుంటే జవాబు ముందు, ప్రశ్న వెనక వస్తుంది. ప్లేలిస్ట్ చేత్తోనే పేర్చుకోండి. రికార్డు కొనేవాళ్లయితే పాట మొదలయ్యే ముందు ఉన్న నిశ్శబ్దం చెవిపెట్టి వినండి. మీ చేతిలోని రికార్డు శుభ్రంగా, గీత లేకుండా ఉన్నా ప్రతిసారీ అదే చోట అవే టిక్కు చప్పుళ్లు వస్తున్నాయంటే అది పాత రికార్డు నుంచి ఎక్కించిన దొంగ కాపీ అనుకోవచ్చు. ఖరీదు పెట్టే ముందు అమ్మేవాళ్లను ఆ అర నిమిషం రికార్డ్ చేసి పంపమనండి.

ఇవి అయ్యాక ఓపిక ఉంటే ఎంసీ లైట్ 'టెన్ పర్సెంట్ డిస్' (1988) వినండి. ఆడియో టూ బృందం 'టాప్ బిల్లిన్' బీట్‌ను ఆంటోనెట్ అనే ర్యాపర్ కాపీ కొట్టిందన్న కోపంతో వచ్చిన పాట ఇది. ఎల్ఎల్ కూల్ జే, కూల్ మో డీ పోరుకు మాత్రం మో డీ 'హౌ యా లైక్ మీ నౌ' ఆల్బమ్ అట్ట చూసి మొదలుపెట్టండి. జీపు చక్రం కింద నలుగుతున్న ఎర్ర కాంగోల్ బ్రాండ్ టోపీ ఎల్ఎల్‌కు గుర్తు. దానికి అతని జవాబు 'జాక్ ద రిప్పర్'.