గ్రాండ్ యూనిఫైడ్ థియరీ చదువుతానంటోంది, ఎందులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మొన్నటిదాకా కంప్యూటర్ సైన్స్ అంది. ఇప్పుడు 'గ్రాండ్ యూనిఫైడ్ థియరీ' మీద రీసెర్చ్ చేస్తానని పట్టుబట్టింది. ఆ పేరుతో కోర్సు ఎక్కడా కనిపించలేదు. ఏఐ-ఎంఎల్ బ్రాంచిలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి ఉంచాం. ఐసర్ (కేంద్రం నడిపే సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ) మేలా, బీటెక్ మేలా? పోల్చి చెప్పగలరు. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ పేరుతో కోర్సు ఉండదండీ. ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీలో, 'పార్టికల్ ఫిజిక్స్' కింద దాని దగ్గరికి వెళ్తారు. ఇలాంటి ఉత్తరం నాకు ఏటా వస్తుంది. ఓసారి బ్లాక్ హోల్స్, ఓసారి క్వాంటం. పైకి కోర్సు గురించి అడుగుతారు గానీ, లోపలి బెంగ 'పిల్ల ఎప్పటికి స్థిరపడుతుంది' అని.

ముందు అమ్మాయి ఏమంటోందో మీకు తెలియాలి. ప్రకృతిలో ప్రాథమిక బలాలు నాలుగు: గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత, ప్రబల (పరమాణు కేంద్రకాన్ని పట్టి ఉంచేది), దుర్బల (కొన్ని రకాల రేడియోధార్మికతకు కారణమయ్యేది) బలాలు. వీటిలో విద్యుదయస్కాంత, దుర్బల బలాలకు మూలం ఒకటేనని చూపినందుకు 1979లో గ్లాషో, సలామ్, వైన్‌బర్గ్‌లకు నోబెల్ వచ్చింది. ఆ సిద్ధాంతం ముందే ఉంటాయని చెప్పిన డబ్ల్యూ, జెడ్ కణాలు 1983లో యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో దొరకడంతో ఆ మాట గట్టిపడింది. అది ఎలక్ట్రోవీక్ థియరీ. దానికి ప్రబల బలాన్ని కూడా కలపాలని చూసేదే గ్రాండ్ యూనిఫైడ్ థియరీ. గురుత్వాకర్షణ ఇందులో లేదు. దాన్నీ కలిపితే 'థియరీ ఆఫ్ ఎవ్రీథింగ్' అంటారు. వీడియోల్లో ఈ రెండింటినీ కలగాపులగం చేసేస్తారు. ఐన్‌స్టీన్ చివరి దశాబ్దాల్లో వెతికింది కూడా గ్రాండ్ యూనిఫైడ్ థియరీనే అంటారు. ఆయన కలపాలని చూసింది గురుత్వాకర్షణనూ విద్యుదయస్కాంతాన్నీ. అది వేరే దారి.

అమ్మాయిని 'ఇందులో గ్రావిటీ ఉందా?' అని అడిగి చూడండి. తడబడితే ఇంకా వీడియోల దగ్గరే ఉందని అర్థం. ఈ వయసులో అది తప్పేమీ కాదు. లేదని చెప్పి, ఎందుకో కూడా చెప్పబోతే కాసేపు కూర్చుని వినండి.

ఈ రంగం మీద నాకున్న అనుమానం కూడా చెప్పాలి. ఒడిశాలో పుట్టిన జోగేశ్ పతి, అబ్దుస్ సలామ్ కలిసి 1974లో ఇలాంటి సిద్ధాంతానికి ఒక నమూనా ఇచ్చారు. అదే ఏడాది జార్జి, గ్లాషో మరొకటి ఇచ్చారు. ఇలాంటి సిద్ధాంతాల ప్రకారం ప్రోటాన్ ఎప్పటికో ఒకప్పటికి విచ్ఛిన్నం కావాలి. అది చూడాలని 1980లలో మన కుప్పానికి దగ్గర్లోని కోలార్ బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, ఇనప పలకల మధ్య కణాలను పసిగట్టే కౌంటర్లు పేర్చి కాపు కాశారు. జపాన్‌లో సూపర్ కామియోకాండే అనే భూగర్భ డిటెక్టర్‌లో 50,000 టన్నుల నీటిని పెట్టుకుని 1996 నుంచి చూస్తున్నారు. ఇంతవరకు ఒక్క ప్రోటాన్ కూడా విరిగినట్టు రుజువు కాలేదు. జార్జి, గ్లాషోల తొలి సాదా నమూనా ఆ దెబ్బతోనే పక్కకు పోయింది. ఆ బలాలు కలుస్తాయంటున్న శక్తి, కణాలను ఢీకొట్టించే యంత్రాల్లో ఇప్పుడున్న అతిపెద్దది, సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీ శక్తికి దాదాపు లక్ష కోట్ల రెట్లు. అంటే సూటిగా పరీక్షించే యంత్రం మీ అమ్మాయి జీవితకాలంలో రాదు. జీవితమంతా లెక్క కట్టి, జవాబు చూడకుండానే రిటైర్ కావచ్చు. ఇది తనకు ముందే తెలియాలి. కానీ జపాన్‌లో మొదటి కామియోకాండేను కట్టింది ప్రోటాన్ కోసమే. 1987లో దానికి చిక్కినవి ఒక సూపర్‌నోవా (పేలిపోయిన నక్షత్రం) నుంచి వచ్చిన న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు. ఆ పనికే ఆ బృందం నాయకుడు కోషిబాకు 2002లో నోబెల్ వచ్చింది. అక్కడ పనిచేసినవాళ్ల చదువేమీ వృథా పోలేదు.

ఇక మీ మేనేజ్‌మెంట్ సీటు. కోపం తెచ్చుకోకండి. అమ్మాయిని అడక్కుండా సీటు మాట్లాడి, ఆ తర్వాత నన్ను పోల్చమంటున్నారు. చాలా కాలేజీల్లో ఏఐ-ఎంఎల్ అంటే బోర్డు మార్చిన పాత షాపే: అదే సీఎస్ఈ, నాలుగు కొత్త పేపర్లు. అవి చెప్పగలిగే ఫ్యాకల్టీ ఎందరున్నారో అడిగారా? బ్రోచర్‌లో ప్యాకేజీ అంకె చూసి వచ్చేశారు, అంతేగా! ఇష్టంలేని పిల్లను లక్షలు పోసి కూర్చోబెడితే, బ్యాక్‌లాగ్‌లు వచ్చాక మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.

మీ అసలు టెన్షన్ డబ్బు గురించైతే వినండి. ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. అర్హత ఉంటే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయల దాకా వస్తుంది. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటద్దె అలవెన్సు అదనం. ఇంటి నుంచి పంపాల్సిన పని పెద్దగా ఉండదు. పర్మినెంట్ ఉద్యోగం మాత్రం ముప్ఫై దాటాకే, అదీ గట్టి పోటీలో. మధ్యలో మనసు మారినా దారి మూసుకుపోదు: ఫిజిక్స్ చదివి డేటా, సెమీకండక్టర్, ఫైనాన్స్ వైపు వెళ్లినవాళ్లు బోలెడు మంది. ఆ లెక్కలు చేసే బుర్రే అక్కడా కావాలి. 'అమ్మాయికి ముప్ఫై దాకా చదువేనా' అని చుట్టాలు అంటారు. వాళ్లకు జవాబు చెప్పాల్సింది మీరు, తను కాదు.

పోలిక అడిగారు కాబట్టి: లెక్కలంటే నిజంగా ఇష్టమైతే ఐసర్ మేలు, తిరుపతి ఐసర్ మీకు అందుబాటులోనే ఉంది. ఊగిసలాట ఉంటే ఐఐటీల్లో ఇంజినీరింగ్ ఫిజిక్స్ మధ్యేమార్గం. హైదరాబాద్‌లోనూ ఉంది, ర్యాంకు రావాలి. ఐఏటీ (ఐసర్ ప్రవేశ పరీక్ష), నెస్ట్ (నైసర్ లాంటి సైన్స్ సంస్థల ప్రవేశ పరీక్ష) రెండింటికీ అప్లై చేయించండి. వాటి ఫలితాలు వచ్చేదాకా ఆ సీటుకు అడ్వాన్స్ కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే, వెనక్కి ఎంత ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.