సమాధానం: హై స్పీడ్ పిన్‌బాల్ మెషిన్‌లో నీరసించిన ఫ్లిప్పర్

కాలేజీ రోజుల్లో ఆడిన 'హై స్పీడ్' అనే పిన్‌బాల్ మెషిన్‌నే ఇన్నేళ్లకు వెతికి కొనుక్కున్నారంటే చాలా సంతోషంగా ఉందండీ. కుడి ఫ్లిప్పర్ (బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టే చిన్న చేయి) కొట్టిన బంతి ర్యాంప్ సగంలోనే వెనక్కి జారుతోంది, దాన్ని లాగే కాయిల్ (కరెంటుతో అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) మార్చాలా అని అడిగారు. కాయిల్ అప్పుడే కొనకండి.

1986 నాటి ఈ విలియమ్స్ మెషిన్‌లో ఫ్లిప్పర్ కాయిల్‌కి రెండు తీగచుట్లు, అంటే వైండింగ్‌లు ఉంటాయి. ఒకటి బలంగా లాగేది, రెండోది లేచిన ఫ్లిప్పర్‌ని పట్టి ఉంచేది. ఫ్లిప్పర్ పూర్తిగా లేవగానే ఈఓఎస్ (ఎండ్ ఆఫ్ స్ట్రోక్, అంటే ఫ్లిప్పర్ కదలిక చివర పనిచేసే) స్విచ్ తెరుచుకుని కరెంటు తగ్గిస్తుంది. మిగతా సమయమంతా అది మూసే ఉండాలి. దాని కాంటాక్టులు (ఒకదాన్నొకటి తాకే లోహపు కొనలు) మాడి నల్లబడితే కరెంటు సరిగా అందదు, దెబ్బలో పస ఉండదు. నాకు ముందు దాని మీదే అనుమానం.

ప్లగ్ పీకి, పై గాజు పలక, బంతులు తీశాకే ప్లేఫీల్డ్ (బంతి తిరిగే బల్ల) ఎత్తండి. కాంటాక్టుల్ని సన్నని ఆకురాయితో తేలిగ్గా రుద్దండి. ఫ్లిప్పర్‌ని చేత్తో పైదాకా లేపితే స్విచ్ తెరుచుకోవాలి, లేకపోతే కాయిల్ కాలిపోతుంది. (1992లో వచ్చిన ఫ్లిప్‌ట్రానిక్స్, అంటే ఫ్లిప్పర్లను ఎలక్ట్రానిక్స్‌తో నడిపే మెషిన్లలో ఈ స్విచ్ తీరు వేరు, అక్కడ ఆకురాయి వాడకూడదు.)

మెషిన్ పెట్టె (క్యాబినెట్) పక్కన ఉండే ఫ్లిప్పర్ బటన్ వెనక కాంటాక్టులూ చూడండి. అప్పటికీ బలం రాకపోతే కాయిల్ లోపలి ప్లాస్టిక్ గొట్టం (స్లీవ్) మార్చండి, ఖర్చు తక్కువే. నూనె మాత్రం చుక్క కూడా వేయొద్దు, దుమ్ము పట్టి ప్లంజర్ (కాయిల్ లోపల కదిలే ఇనుప కడ్డీ) ఇరుక్కుంటుంది.