ఈనలేని మేకకు ఆపరేషన్ చేయిస్తే తల్లి బతుకుతుందా?

తొలి ఈత మేక ఈనలేకపోతే ఆపరేషన్ చేయించడం దండగా, తల్లి బతికినా మళ్లీ చూడి కడుతుందా అని మీరు అడిగారు. నా మందలో ఇప్పటికి రెండు మేకలకు పొట్ట కోసి పిల్లలను తీయించాను. ఒకటి పోయింది, ఒకటి బతికింది. ఆ రెండింటికీ తేడా నేను చేసిన ఆలస్యంలోనే ఉంది.

మొదటిది చిన్న సైజు నాటు మేక. దాన్ని పెద్ద జమునాపారి పోతుతో దాటించడం నా పొరపాటే. సాయంత్రం ఉమ్మనీరు పోయినా, తెల్లారేలోగా అదే ఈనుతుందిలే అని కూర్చున్నాను. పైగా ఊళ్లో సూదులు వేసే ఒకాయన చేత నొప్పుల కోసం ఆక్సిటోసిన్ వేయించాను. గర్భాశయ ముఖద్వారం తెరుచుకోనప్పుడు ఆ మందు ఇస్తే గర్భాశయమే చిట్లవచ్చని నాకు తర్వాత తెలిసింది. మర్నాడు మధ్యాహ్నం కోసేసరికి లోపల పిల్ల చచ్చి ఉబ్బిపోయి ఉంది. పట్టుకుంటే వెంట్రుకలు చేతికి ఊడి వచ్చాయి. తల్లి మూడో రోజున పోయింది.

రెండోసారి మేక గట్టిగా ముక్కడం మొదలుపెట్టి అరగంట దాటినా కాళ్లు కనబడకపోవడంతో ఆటోలో ఎక్కించి నేరుగా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. గర్భాశయ ముఖద్వారం రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదని, లాగితే చిరుగుతుందని డాక్టరు చెప్పారు. మేకను కుడిపక్కకు పడుకోబెట్టి, ఎడమ డొక్క మీద వెంట్రుకలు గొరిగి, తిమ్మిరి మందు లిగ్నోకైన్‌ను పలచన చేసి ఎక్కించారు; మేకలకు అది ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి కనుక బరువును బట్టి లెక్కగట్టి వేయాలట. గర్భాశయాన్ని కోత దగ్గరకు తెచ్చి, లోపలి నీరు పొట్టలోకి జారకుండా చుట్టూ తడిగుడ్డలు పెట్టి, మాయ అతుక్కునే బొడిపెలు తెగితే రక్తం బాగా పోతుందని వాటిని తప్పించి కోశారు. వెనక కాళ్లు పట్టి పిల్లను బయటకు తీశారు. మాయ తేలిగ్గా ఊడి రాకపోతే బలవంతంగా లాగకుండా వదిలేసి, అంచులు లోపలికి ముడుచుకునేలా కరిగిపోయే దారంతో గర్భాశయాన్ని కుట్టారు. సాయంత్రానికి మాయ దానంతటదే పడింది.

అసలు చాకిరీ ఇంటికి వచ్చాకే. తల్లి పిల్లను నాకలేదు, దగ్గరకు కూడా రానివ్వలేదు. పిల్ల ఒంటి మీది జిగురును తల్లి మూతికి రాసి, ముర్రుపాలు పిండి గంటలోపే సీసాతో పట్టించాను. రెండో రోజు సాయంత్రానికి గాని అది పిల్లను తనదని ఒప్పుకోలేదు. ఐదు రోజులు యాంటీబయాటిక్, నొప్పి సూదులు వేయించాను; ఈగలు వాలకుండా గాయాన్ని కాపాడి, 12వ రోజున పైకుట్లు విప్పించాను.

ఒక సీజను విశ్రాంతి ఇచ్చి, ఈసారి చిన్న పోతుతో దాటిస్తే చూడి కట్టి రెండు పిల్లలను మామూలుగానే ఈనింది. అందువల్ల నా లెక్కలో అది దండగ కాదు, కాకపోతే లోపల పిల్ల కుళ్లక ముందే చేయించాలి. చూడి కాలం సుమారు 150 రోజులు కనుక దాటించిన తేదీ రాసి పెట్టుకుని, ఆ వారమంతా డాక్టరు నంబరు దగ్గర ఉంచుకోండి. తెలుగు రాష్ట్రాల్లో సంచార పశువైద్యానికి 1962కు కూడా ఫోను చేయవచ్చు.